మూడోసారి చెబితే విన్నాను

హోటలు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కలిసినప్పుడు ఎక్కువగా ఒకటే అడుగుతారు. "మేనేజరు కావాలంటే ఎన్నేళ్ళు పడుతుంది సార్?" అని. నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఆ సంగతి తెలిస్తే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. నరసరావుపేటలో ఒకే హోటల్లో సర్వర్‌గా చేరి, మేనేజరుగా దిగిపోయాను. మధ్యలో ఎప్పుడు ఏ కుర్చీ ఎక్కానన్నది మా ఇంట్లోవాళ్ళకే గుర్తులేదు. నేను రాయదలచుకున్నది ఒక పెళ్ళి రోజు గురించి. ఆ రోజుకు దారితీసిన నా తెలివితక్కువతనం గురించి కూడా.

పాత పద్ధతి అంత గొప్పదేం కాదు

మా పెద్దాయన, అంటే హోటలు పెట్టిన యజమాని, చేతులు కడుక్కునే చోట నిలబడేవాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం ఆయనకు నచ్చదు. తిని లేచినవాళ్ళ మొహాలు చూసేవాడు. విస్తట్లో ఏది మిగిలిందో చూసేవాడు. "వెంకట్రావ్, ఇవాళ దొండకాయ ఎవరూ ముట్టలేదు, వంట మాస్టర్ని పిలువ్" అనేవాడు. ఆ చూపు గొప్పదే. నేను నేర్చుకున్నదాంట్లో సగం అక్కడిదే.

అయితే పాత రోజులన్నీ బంగారమని చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పప్పు పులిసిపోయింది. పెద్దాయనకు తెలుసు, నాకు తెలుసు, మాస్టర్‌కి తెలుసు. ఇంకాస్త చింతపండు పిండి, పోపు ఘాటుగా పెట్టి, పప్పుచారు అని వడ్డించాం. ఎవరికైనా కడుపు కదిలితే ఎండదెబ్బ అనుకుని ఉంటారు. మాకు తెలిసే దారి లేదు, తెలుసుకోవాలని అనుకోలేదు కూడా. అంచేత పెద్దాయన కొడుకు హరీష్ హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకొచ్చి అన్నీ మారుస్తానన్నప్పుడు నాకు కోపం రాలేదు. మారాల్సినవి చానా ఉన్నాయి.

హరీష్ తెచ్చినవి

ముందు పెళ్ళిళ్ళ ఆర్డర్ల కోసం ఊరి చివర విడిగా పెద్ద వంటశాల కట్టించాడు. అందులో ఒక గదంత ఫ్రిజ్ పెట్టించాడు. కోల్డ్ రూమ్ అంటారు. పెరుగు, ఆవడలు, పచ్చళ్ళు, పన్నీరు కూరకు ముద్ద, ఇవన్నీ ముందురోజు సాయంత్రమే చేసి అందులో పెట్టి, పొద్దున్నే వ్యాన్‌లో పంపించాలి. అన్నం, పప్పు, సాంబారు, వేపుళ్ళు మాత్రం పెళ్ళి దగ్గరే గాడిపొయ్యి మీద వండాలి. తలుపు పక్కన ఒక మీటరు, దాని కింద గోడకు ఒక కాగితం. రెండు గంటలకోసారి మీటరు చూసి, లోపల ఎన్ని డిగ్రీలు ఉందో ఆ కాగితం మీద రాయాలి. అయిదు దాటకూడదు.

మా అంకారావు మాస్టర్‌కి ఇదంతా నచ్చలేదు. పెద్దాయన కాలం నుంచీ గరిటె పట్టిన మనిషి. "ఏందయ్యా ఇది, నిన్నటి ఆవడ ఇవాళ పెళ్ళివాళ్ళకు పెట్టేదా? మా ఇంట్లో కుక్కకి కూడా పెట్టను" అన్నాడు మొహం మీదే.

హరీష్ ఓపిగ్గా చెప్పాడు. "మాస్టర్, పొద్దున మూడింటికి లేచి హడావిడిగా చేసి, ఎండలో వ్యాన్‌లో వేసుకుపోయేదానికన్నా ఇదే భద్రం. చల్లదనం తగ్గకుండా చూసుకుంటే చాలు."

హరీష్ చెప్పింది నిజం. ఆ ఏడాది పెళ్ళిళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదు. మాస్టర్ కూడా సణుగుతూనే అలవాటుపడ్డాడు. కొత్త పద్ధతిని చెడగొట్టింది మాస్టర్ కాదు, హరీషూ కాదు. నేను.

ఎర్ర సిరా

కాగితం మీద అంకెలు సరిగా రాయడంలేదని హరీష్ ఒకసారి చిరాకుపడ్డాడు. నాకు భయం వేసింది. చదువుకున్న యజమాని ముందు చదువుకోని మేనేజరుకు ఉండే భయం అది. నా పట్టు చూపించాలనిపించి, అడగకుండానే ఒక రూలు పెట్టాను. అంకె అయిదు దాటితే, ఆ షిఫ్టులో ఉన్న మనిషి పేరు బోర్డు మీద ఎర్ర సిరాతో రాస్తాం, ఆ వారం సెలవు కోసేస్తాం. హరీష్ చూసి, "బావుంది, డిసిప్లిన్ వస్తుంది" అని సంతకం పెట్టాడు.

ఆ ఎర్ర సిరా మొదట పడింది ఎల్లమంద మీద. శావల్యాపురం దగ్గర పల్లె అతనిది. నలభై దాటిన మనిషి, స్టోరు చూసేవాడు, రాత్రి షిఫ్టు అతనిదే. ఒకరోజు తలుపు రబ్బరు ఊడి చల్లదనం తగ్గింది. ఎల్లమంద ఉన్నదున్నట్టు తొమ్మిది అని రాసి, పొద్దున్నే వచ్చి నాకు చెప్పాడు కూడా. రబ్బరు బాగుచేయించాం, సరుకు చెడలేదు. నేను మాత్రం రూలు రూలే అన్నాను. అతని పేరు బోర్డెక్కింది. కోటప్పకొండ తిరునాళ్ళకు పెళ్ళాం పిల్లల్తో పోవాలని పెట్టుకున్న సెలవు పోయింది.

"నిజం రాసినందుకా సారూ?" అన్నాడు.

"అంకె దాటినందుకు" అన్నాను. ఆ జవాబు చాలా తెలివైనదని ఆ రోజు అనుకున్నాను.

ఆ తర్వాత కాగితం మీద అన్నీ నాలుగులే. పగలూ నాలుగే, రాత్రీ నాలుగే. ఎండ నలభై అయిదు దాటినా లోపల నాలుగే. హరీష్ మెచ్చుకున్నాడు. నేను ఆ మెప్పు తీసుకున్నాను.

ఆ ఉదయం

రొంపిచెర్లలో హనుమయ్య గారని మిర్చి రైతు. ఆయన రెండో కూతురు పెళ్ళి. ఆరువందల మందికి భోజనాలు. ముహూర్తం అయిపోగానే పదిన్నరకల్లా మొదటి బంతి.

ఆరున్నరకు వ్యాన్ ఎక్కిస్తుంటే కోటమ్మ వచ్చింది. మా దగ్గర డేగిసాలు, గుండిగలు తోమే మనిషి. నాకన్నా పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. కోల్డ్ రూమ్ నుంచి నీళ్ళు బయటికొచ్చే గొట్టం ఆమె గిన్నెలు తోమే చోటికే దిగుతుంది.

"సారూ, గొట్టంలోంచి రోజూ చుక్క చుక్కే పడేది. ఇయ్యాళ మడుగు కట్టింది. లోపల ఐసంతా కరిగినట్టుంది."

నేను తలుపు పక్కన మీటరు చూశాను. అయిదు. "బాగానే ఉందక్కా, తుడిచెయ్" అన్నాను.

వ్యాన్ కదలబోయేముందు మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతు తగ్గించి చెప్పింది. "ఆవడల డేగిసా మూతకి లోపలివైపు చెమట పట్టింది సారూ. పెరుగు వాసన కూడా ఏందో తేడాగా ఉంది."

గోడ మీది కాగితం చూపించాను. నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు. "చూడు. రాత్రంతా నాలుగే. నీ పని నువ్వు చూసుకో అక్కా, ఆలస్యమైపోతోంది."

ఆమె కాగితం వంక చూసింది. చదవడం రాదు. గిన్నెల దగ్గరికి పోయింది. మాస్టర్, వడ్డించేవాళ్ళు ఎక్కారు. వ్యాన్ ఏడున్నరకు కదిలింది.

తొమ్మిదిన్నరకు నేను ఆఫీసు గదిలో ఉన్నాను. తలుపు దగ్గర తడి చీర కుచ్చెళ్ళతో కోటమ్మ నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ గది గడప తొక్కలేదు. నేను నోరు తెరిచేలోపే లోపలికి వచ్చేసింది.

"కాయితాన్ని కాదు, ఎల్లమందని అడగండి" అంది. "ఇప్పుడే అడగండి. నేనిక్కడే నిలబడతా."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఫోన్ చేశాను, ఆమెను వదిలించుకోడానికి. ఎల్లమంద షిఫ్టు దిగి ఇంటికి పోయి పడుకున్నాడు. మూడోసారికి ఎత్తాడు. రాత్రి కోల్డ్ రూమ్ ఎట్లా ఉందని అడిగాను.

"బాగానే ఉంది సారూ, రాశాగా."

"ఎల్లమందా, పెళ్ళిలో చిన్నపిల్లలు కూడా తింటారయ్యా."

మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పాడు.

"కరెంటు ఎగుడుదిగుడై మిషను ఆగిపోయింది సారూ. ఎప్పుడాగిందో తెలవదు, నాకు కునుకు పట్టింది. తెల్లారుజామున చూస్తే పదహారుంది. మళ్ళీ ఆన్ చేశా. పొద్దునకల్లా చల్లబడిందిలే అనుకున్నా."

"మరి నాలుగని ఎట్లా రాశావ్?"

"పోయినసారి తొమ్మిదని రాస్తే ఏమైందో మీకు తెలవదా సారూ?"

రొంపిచెర్ల దారి

మాస్టర్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. వ్యాన్ డ్రైవర్‌కి చేశాను. బాజాల మోత వినిపించింది, నా మాట అతనికి వినపడలేదు, కట్ చేశాడు. హరీష్ విజయవాడలో ఉన్నాడు. అతనికి చెప్పాను.

"చెడిపోయిందని కచ్చితంగా తెలుసా?" అన్నాడు.

"తెలియదు బాబూ."

"తెలియకుండా పెళ్ళిలో వడ్డన ఆపుతారా? ఇక మనకు ఈ చుట్టుపక్కల ఎవరైనా ఆర్డరిస్తారా? ముందు మాస్టర్ని రుచి చూడమనండి. బాగుంటే వదిలెయ్యండి."

"ఇది నాలిక్కి తెలిసేది కాదు బాబూ. మీరే కదా మాకు నేర్పించింది."

"మీ ఇష్టం. మాట పడితే మీరే పడాలి" అన్నాడు.

బండి తీశాను. ఆ రోడ్డు మీద అరగంట పైనే పడుతుంది. ట్రాక్టర్లు, గొర్రెల మంద, ఒకచోట రోడ్డు పని. దారిపొడుగునా నా బుర్ర ఒకటే చెప్పింది. ఏమీ కాదులే, ఇలాంటివి ఎన్ని చూడలేదు, పప్పు పులిస్తే చింతపండు పిండలేదా అని. వెనక్కి తిరిగిపోవడానికి రెండుసార్లు బండి నెమ్మది చేశానని ఒప్పుకుంటాను.

చేరేసరికి మొదటి బంతి కూర్చుంది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు. అరిటాకులు పరిచారు, నీళ్ళు చల్లారు, రెండు వరసలకు ఆవడలు పడ్డాయి. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి వడ్డించేవాడి చేతిలో బకెట్టు పట్టుకున్నాను.

"ఆపండి. ఎవరూ తినొద్దు. ఆవడలు, పెరుగు, పచ్చడి, పన్నీరు కూర, ఏవీ వడ్డించొద్దు."

హనుమయ్య గారు ఎట్నుంచి వచ్చారో తెలియదు, నా కాలర్ ఆయన చేతిలో ఉంది. "ఏందిరా నువ్వు మాట్లాడేది? వియ్యాలవారు బంతిలో కూర్చున్నారు. విస్తట్లో పెట్టింది తీస్తానంటావా? నా పరువేం కావాల?"

"అయ్యా, రాత్రి మా మిషను ఆగిపోయింది. అవి చెడి ఉండొచ్చు. నన్ను కొట్టండి, కానీ తిననివ్వొద్దు."

ఆయన నిజంగానే చెయ్యెత్తారు. చుట్టూ నలుగురు చేరారు. కుర్చీ ఒకటి పడిన శబ్దం. అప్పుడు వరసలో మొదట కూర్చున్న పెద్దమనిషి, పెళ్ళికొడుకు తండ్రి, ఆకు మీది ఆవడను వేలితో పక్కకు జరిపాడు. "బావగారూ, ఆయన చెప్పేది విన్నాంగా. పప్పు వెయ్యమనండి. మాకు పప్పు చాలు" అన్నాడు. ఆ ఒక్క మాటతో కాలర్ మీద పట్టు సడలింది. ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఆ రోజు నన్ను కాపాడింది ఆయనే.

వంటల టెంటులో మాస్టర్ నా మీద విరుచుకుపడ్డాడు. "నా చేతి వంట చెడిందంటావా, ఇంతమందిలో?" విషయం చెప్పాను. మొహం నల్లబడింది. ఒక్క మాట అన్నాడు: "పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?" ఆయనే వంగి ఆవడల డేగిసా ఎత్తి, టెంటు వెనక గుంటలో బోర్లించాడు. తర్వాత పెరుగు క్యాన్లు. ఆరువందల మందికి పెట్టాల్సిన పెరుగు మట్టిలో ఇంకిపోతుంటే ఆయన అటు చూడలేదు.

పెరుగు లేని పెళ్ళిభోజనం మా పల్నాట్లో చెప్పుకుని నవ్వే సంగతి. హనుమయ్య గారి భార్య అది అర్థం చేసుకుంది. కొంగు నడుముకు చుట్టుకుని ఊళ్ళోకి బయల్దేరింది. అరగంటలో ఇంటింటి నుంచీ గిన్నెల్లో, కుండల్లో, చెంబుల్లో పెరుగు వచ్చింది. మాస్టర్ అదంతా కలిపి మజ్జిగ చేశాడు. పచ్చడికి బదులు అప్పటికప్పుడు టమాటాలు కాల్చి నూరాడు. బంతి ముప్పావుగంట ఆలస్యంగా నడిచింది.

ఆసుపత్రి

నేను చేరకముందే పదకొండుమంది తిన్నారని తర్వాత తెలిసింది. పనుల మీద పరిగెత్తే చుట్టాలకు ముందుగానే తలా ఒక ఆవడ పెట్టారు. వాళ్ళలో హనుమయ్య గారి పెద్దకూతురు శిరీష ఒకతె. ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్ల ఆకలితో ఉండకూడదని తల్లే పెట్టింది.

మధ్యాహ్నం మూడింటికి వాంతులు మొదలయ్యాయి. ఏడుగురిని నరసరావుపేట ఆసుపత్రికి తెచ్చారు. ఆరుగురు సాయంత్రానికి లేచి కూర్చున్నారు. శిరీషకు వాంతులు ఆగలేదు. మొహం పాలిపోయింది, సెలైన్ ఎక్కుతోంది, లోపల బిడ్డ గుండె కొట్టుకునే వేగం చూడాలని డాక్టరమ్మ మాటిమాటికీ వచ్చిపోతోంది.

వరండాలో బెంచీ మీద నేను, ఎదురు బెంచీ మీద హనుమయ్య గారు. ఒంటి మీద ఇంకా పెళ్ళి పంచె. తలెత్తి అడిగారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"తొమ్మిదిన్నరకి" అన్నాను.

ఆయన తల ఊపారు. "తెలియగానే వచ్చావు. అది చాలు" అన్నారు.

నాకు తెలిసింది తొమ్మిదిన్నరకు. నాకు చెప్పింది ఆరున్నరకు. ఆ మూడు గంటల సంగతి ఆయనకు ఆ రోజు చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు. ఇదిగో, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ బయటికొచ్చి, తల్లీబిడ్డా గట్టెక్కారంది. హనుమయ్య గారు గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నారు. నేను బయటికి వెళ్ళి, రోడ్డు పక్కన నిలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

సంతకం

ఆ మధ్యాహ్నమే హరీష్ వచ్చాడు. ఎల్లమందను తీసేస్తున్నట్టు కాగితం సిద్ధం చేసి నా ముందు పెట్టాడు. దొంగ లెక్క రాశాడు, నిద్రపోయాడు. రెండూ నిజాలే. నేను సంతకం పెట్టాను. రెండోసారి ఆలోచించలేదు. ఎవరో ఒకరి మీదికి పోతే నా మీదికి రాదన్న నిబ్బరం అది.

మర్నాడు మాస్టర్ నా గదికి వచ్చాడు. కూర్చోలేదు. "రూలు పెట్టింది నువ్వు. ఇంటికి పోయింది వాడు. బాగుందయ్యా వెంకట్రావూ" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట తర్వాత అన్నం సయించలేదు. హరీష్ దగ్గరికి వెళ్ళి అన్నీ చెప్పాను. ఎర్ర సిరా, తిరునాళ్ళ సెలవు, ఆరున్నర, ఏడున్నర. నన్ను తీసేస్తాడనుకున్నాను. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "ఆ రూలు మీద నా సంతకం కూడా ఉంది" అన్నాడు. "అన్నీ నాలుగులే వస్తుంటే, నాకు అనుమానం రావాలి కదా. చదువుకున్నవాణ్ణి."

ఇద్దరం కలిసి ఎల్లమంద ఇంటికి వెళ్ళాం. అతను మంచం మీంచి లేచి నిలబడ్డాడు కానీ, అతని భార్య మాట్లాడింది. "నిజం రాస్తే శిక్ష, అబద్ధం రాస్తే శిక్ష. ఇంక మీ కాడ ఏం రాయాలయ్యా మా ఆయన?" ఎల్లమంద మళ్ళీ పనికి రాలేదు. పిడుగురాళ్ళ వైపు ఏదో క్వారీలో కుదిరాడని విన్నాను. నా ఉద్యోగంలో సరిదిద్దుకోలేని తప్పు అదొక్కటే.

మార్పంటే నాకు అర్థమైంది

కోల్డ్ రూమ్ తీసెయ్యలేదు. తీసెయ్యకూడదు కూడా. కాగితం కూడా అలాగే ఉంది. బోర్డు మాత్రం తీసేశాం. కొత్తగా ఒకటే పెట్టాం: పనిచేసేవాళ్ళలో ఎవరికి అనుమానం వచ్చినా వ్యాన్ ఆపొచ్చు, ఆపినందుకు ఎవరూ ఏమీ అనకూడదు.

చెప్పడం తేలిక. రెండో నెల్లోనే కూరలు తరిగే ఆమె ఒకతె, సాంబారు పొడి రంగు మారిందని వ్యాన్ ఆపేసింది. అరగంట పోయింది. చూస్తే మిరపకాయ రకం మారింది, అంతే. పెళ్ళివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. నాకు నాలుక చివరిదాకా వచ్చింది, "నీ పని నువ్వు చూసుకో" అని. పళ్ళు బిగబట్టి, "మంచిపని చేశావమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి పడిన కష్టం, నేను ఆ ఉద్యోగంలో మరి దేనికీ పడలేదు. ఆమెను ఆ రోజు కసురుకుని ఉంటే, ఆ తర్వాత ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు.

పిల్లలూ, మీకు పెద్ద చదువులుంటాయి, మంచి మిషన్లుంటాయి. మీ కింద పనిచేసేవాళ్ళు మీకు చెడు వార్త చెప్పడానికి భయపడుతున్నారంటే, ఆ మిషన్లన్నీ గోడకు వేలాడే బొమ్మలే.

ఏడాది తిరక్కుండా హరీష్ అందర్నీ కూర్చోబెట్టి కోటమ్మకు శాలువా కప్పి, చీర పెట్టాడు. ఈమె లాంటి ధైర్యం అందరికీ ఉండాలన్నాడు. చప్పట్లు కొట్టాం. మీటింగ్ అయ్యాక ఆమె శాలువా మడిచి పక్కన పెట్టి, గిన్నెల దగ్గర కూర్చుంది. నేను వెళ్ళి అడిగాను.

"అక్కా, రెండుసార్లు నేను కసురుకున్నాను. అయినా మూడోసారి ఎట్లా వచ్చావు?"

ఆమె పీచు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"మా కూతురు హనుమయ్య గారి పొలంలో పనికి పోద్ది సారూ. పెళ్ళికి పిలిస్తే పిల్లల్ని తీసుకుని పోయింది. పనిలో పడి మర్చిపోయా. తొమ్మిదింటికి గుర్తొచ్చింది."

"పిల్లలు అక్కడ లేకపోతే?"

"రెండుసార్లు చెప్పా గదా సారూ" అంది కోటమ్మ. "లేకపోతే మళ్ళీ ఎందుకొస్తా?"